ఇంటి కంప్యూటర్‌కి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి

"కంప్యూటర్ బాగా స్లో అయింది, మంచి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పండి" అని ఎవరైనా అడిగితే, పేరు చెప్పే ముందు ఒక ప్రశ్న అడగాలి: లోపల ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? డీఫ్రాగ్ అంటే డిస్క్ మీద ముక్కలై చెదిరిన ఫైళ్లని ఒకచోటికి సర్దడం. హార్డ్ డిస్క్ తిరిగే పళ్లెం మీద రాస్తుంది, ఎస్‌ఎస్‌డీ ఫ్లాష్ మెమరీ చిప్‌లలో రాస్తుంది. ఈ సంగతి తేలకుండా ఏ పేరు చెప్పినా ఉపయోగం లేదు. హార్డ్ డిస్క్‌కి మేలు చేసే పని ఎస్‌ఎస్‌డీకి అనవసరం, పైగా దాని ఆయుష్షు కొంత తగ్గిస్తుంది కూడా. అందుకే ఎంపిక మొదలయ్యేది డౌన్‌లోడ్ పేజీలో కాదు, మీ కంప్యూటర్లోనే.

లోపల ఏ డిస్క్ ఉందో చూడండి

విండోస్ 10 లేదా 11 వాడుతుంటే స్టార్ట్ మెనూలో ఇంగ్లిష్‌లో డీఫ్రాగ్ అని టైప్ చేయండి. "డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" అని కనిపిస్తుంది. తెరిస్తే మీ డ్రైవ్‌లన్నీ వరసగా వస్తాయి. అందులో "మీడియా టైప్" అనే కాలమ్ చూడండి. అక్కడ "హార్డ్ డిస్క్ డ్రైవ్" అని ఉందా, "సాలిడ్ స్టేట్ డ్రైవ్" అని ఉందా అన్నదే మీకు కావలసింది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లినా డిస్క్ పక్కన ఈ వివరం ఉంటుంది. యూఎస్‌బీతో తగిలించే డిస్క్‌ల విషయంలో విండోస్ ఒక్కోసారి రకాన్ని సరిగ్గా పట్టుకోలేదు. అనుమానం ఉంటే డిస్క్ మోడల్ నంబర్ తీసుకుని తయారీ కంపెనీ సైట్‌లో చూసుకోండి.

చాలా కంప్యూటర్లలో సి డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ మీద, డి డ్రైవ్ పాత హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. అలాంటప్పుడు ఈ వ్యాసంలోని మాటలు డి డ్రైవ్‌కే వర్తిస్తాయి.

మీకున్నవన్నీ ఎస్‌ఎస్‌డీలే అయితే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం ఇక్కడితో ఆపేయండి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ లేవు. ఫైల్ ఒకచోట ఉన్నా, పదిచోట్ల ఉన్నా చదవడానికి పట్టే సమయంలో ఇంటి వాడకంలో తెలిసేంత తేడా రాదు. ఫ్లాష్ మెమరీ మాత్రం రాసిన కొద్దీ అరుగుతుంది. డీఫ్రాగ్ అంటే ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ రాయడం కాబట్టి, లాభం లేకుండా అరుగుదల మిగులుతుంది. ఎస్‌ఎస్‌డీకి నిజంగా కావలసింది ట్రిమ్. మీరు డిలీట్ చేసిన ఫైళ్ల జాగా ఏదో డ్రైవ్‌కి తెలియజేసే ఆదేశం అది. విండోస్ 7 నుంచి ఈ పని విండోసే చూసుకుంటోంది. విండోస్ 8 తర్వాత వచ్చినవాటిలో పైన చెప్పిన విండోలోని ఆప్టిమైజ్ బటన్ ఎస్‌ఎస్‌డీ మీద నొక్కితే జరిగేది ప్రధానంగా ట్రిమ్మే. ఈ పనిని విండోస్ ఒక షెడ్యూల్ మీద తనంతట తానే నడుపుతుంది. "ఎస్‌ఎస్‌డీ ఉంటే షెడ్యూల్ ఆఫ్ చేసేయండి" అనే సలహా ఇంకా అక్కడక్కడా తిరుగుతోంది. దాన్ని పాటించకండి, షెడ్యూల్ ఆన్‌లోనే ఉండనివ్వండి. కంప్యూటర్ స్లోగా ఉండటానికి కారణం వేరేచోట ఉంటుంది: ర్యామ్ చాలకపోవడం, ఆన్ చేయగానే డజను ప్రోగ్రాములు తెరుచుకోవడం, డ్రైవ్ నిండుగా ఉండటం.

హార్డ్ డిస్క్ అయితే అసలు జరిగేది ఏమిటి

ఇది అర్థమైతే సాఫ్ట్‌వేర్ కంపెనీలు చెప్పే మాటల్లో ఏది నిజమో మీకే తెలిసిపోతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో (ఫైళ్లని డిస్క్ మీద అమర్చే పద్ధతిలో) డిస్క్ మీది జాగా క్లస్టర్లుగా విడిపోయి ఉంటుంది. మామూలుగా ఒక్కో క్లస్టర్ 4 కిలోబైట్లు. కొత్త డిస్క్ మీద ఫైల్ రాస్తే దాని క్లస్టర్లన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి. కొన్నాళ్లకి మీరు కొన్ని ఫైళ్లు తీసేస్తారు, మధ్యమధ్యలో ఖాళీలు పడతాయి. తర్వాత వచ్చే పెద్ద ఫైల్ ఒకే ఖాళీలో పట్టకపోతే ముక్కలై రెండు మూడు చోట్ల సర్దుకుంటుంది. రోజూ కొంచెం కొంచెం పెరిగే ఫైళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మెయిల్ ప్రోగ్రామ్ తన ఉత్తరాలన్నీ దాచుకునే ఫైల్‌నే తీసుకోండి. అది పెరిగిన ప్రతిసారీ పక్కన ఖాళీ లేకపోతే కొత్త ముక్క ఇంకెక్కడో పడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ (డిస్క్ మీద చదివే, రాసే భాగం) కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. హెడ్ ఒక ట్రాక్ (డిస్క్ మీది గుండ్రటి వరస) నుంచి ఇంకో ట్రాక్‌కి జరగడానికి ఇంచుమించు 9 మిల్లీసెకన్లు. కలిపితే ఒక్కో ముక్క దగ్గరికి వెళ్లడానికే 13 మిల్లీసెకన్లు. మెయిల్ ఫైల్ 300 మెగాబైట్లు ఉండి 3000 ముక్కలుగా చెదిరిపోతే, మొత్తం చదవడానికి హెడ్ తిరుగుడుకే దాదాపు 40 సెకన్లు పోతాయి. అదే ఫైల్ ఒకే వరసలో ఉంటే, సెకనుకి 150 మెగాబైట్లు చదివే డిస్క్ 2 సెకన్లలో ముగిస్తుంది.

కానీ 4 గిగాబైట్ల సినిమా ఫైల్ 40 ముక్కలైతే? 40 సార్లు 13 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. రెండున్నర గంటల సినిమాలో అర సెకను, అదీ 40 చోట్ల పంచుకుని. మీకు తెలియనే తెలియదు. అయినా డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎర్రగా చూపిస్తుంది. కాబట్టి రంగులూ శాతాలూ చూసి కంగారు పడకండి. చూడాల్సింది ఏ ఫైల్ ఎన్ని ముక్కలైంది, ఒక్కో ముక్క సైజ్ ఎంత, ఆ ఫైల్‌ని మీరు రోజూ వాడతారా అన్నదే.

కొలవండి, తర్వాతే నిర్ణయించండి

మొదట తెరిచిన ఆప్టిమైజ్ డ్రైవ్స్ విండోలో హార్డ్ డిస్క్ ఉన్న డ్రైవ్‌ని ఎంచుకుని "ఎనలైజ్" నొక్కండి. కొద్ది నిమిషాల్లో ఎంత శాతం ఫ్రాగ్మెంట్ అయిందో, అంటే ముక్కలైందో చెబుతుంది. 10 శాతం దాటితే డీఫ్రాగ్ చేయడం అనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత, ఇంటి వాడకానికి అది సరిపోతుంది. ఒకటి రెండు శాతమే చూపిస్తే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చినా మీకు కనిపించే మార్పు ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. విండోస్ "2 శాతం" అన్న డ్రైవ్‌నే బయటి సాఫ్ట్‌వేర్ "30 శాతం" అనవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, లెక్కించే పద్ధతి వేరు. 64 మెగాబైట్ల కన్నా పెద్ద ముక్కల్ని విండోస్ అసలు లెక్కలోకే తీసుకోదు. పైన సినిమా ఫైల్ లెక్కలో చూశాం కదా, అంత పెద్ద ముక్కలు ఉన్నా వేగానికి నష్టం లేదు కాబట్టి. నా అభిప్రాయంలో విండోస్ చేసేదే సబబు. "విండోస్ పట్టించుకోని ఫ్రాగ్మెంటేషన్‌ని మేం బయటపెడతాం" అనే ప్రకటన కనిపిస్తే ఈ 64 మెగాబైట్ల సంగతి గుర్తు తెచ్చుకోండి.

డిస్క్ ఆరోగ్యం, బ్యాకప్, ఖాళీ జాగా

ఈ మూడూ చూడకుండా ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ మొదలుపెట్టొద్దు. డీఫ్రాగ్ గంటల తరబడి డిస్క్‌ని చదివిస్తుంది, రాయిస్తుంది. దెబ్బతిన్న డిస్క్ ఆ ఒత్తిడికి పూర్తిగా పడిపోవచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత టూల్ డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చూపిస్తుంది. అందులో "రీఎలొకేటెడ్ సెక్టర్స్", "కరెంట్ పెండింగ్ సెక్టర్స్" అనే రెండు వరసలు చూడండి. అక్కడ సున్నా కాకుండా అంకె ఉండి, అది రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే, డీఫ్రాగ్ మాట మర్చిపోండి. ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ డిస్క్‌ని మార్చాల్సిందే.

డిస్క్ బాగానే ఉన్నా బ్యాకప్ తీసుకోండి. ఫైల్ సిస్టమ్‌లో లోపం ఉందని గుర్తుపడితే విండోస్ డీఫ్రాగ్ మొదలవకుండా ఆగిపోయి, ముందు ఆ లోపాలు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపమంటుంది. ఆ మాట వినండి.

ఖాళీ జాగా కనీసం 15 శాతం ఉండాలని మైక్రోసాఫ్టే చెబుతుంది. ముక్కల్ని తీసి తాత్కాలికంగా పెట్టడానికి చోటు కావాలి కదా. రీసైకిల్ బిన్, టెంపరరీ ఫైళ్లు ఖాళీ చేయడం, వాడని ప్రోగ్రాములు తీసేయడం అన్నీ డీఫ్రాగ్‌కి ముందే చేయండి. తర్వాత చేస్తే, కష్టపడి సర్దిన చోట మళ్లీ ఖాళీలు పడతాయి.

మొదటి ఎంపిక: మీ దగ్గర ఉన్నదే

మైక్రోసాఫ్ట్ 1993లో ఎంఎస్-డాస్ 6తో డీఫ్రాగ్ ప్రోగ్రామ్ ఇచ్చింది, అది సిమాంటెక్ అనే కంపెనీ దగ్గర లైసెన్స్ తీసుకున్నది. తర్వాత 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0లో మాత్రం డీఫ్రాగ్ లేనేలేదు, బయట కొనుక్కోవాల్సి వచ్చేది. విండోస్ 2000లో ఇచ్చింది కూడా డిస్క్‌కీపర్ అనే బయటి సాఫ్ట్‌వేర్‌ని కుదించిన రూపమే. "విండోస్ డీఫ్రాగ్ పనికిరాదు, వేరేది కొనాలి" అనే మాట ఆ రోజుల్లో నిజమే. విండోస్ విస్టా నుంచి పరిస్థితి మారింది. డీఫ్రాగ్ తనంతట తానే షెడ్యూల్ మీద నడవడం మొదలైంది. విండోస్ 7లో ప్రతి బుధవారం రాత్రి ఒంటిగంటకి, విండోస్ 8 తర్వాత కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు వారానికోసారి.

కాబట్టి ఆప్టిమైజ్ డ్రైవ్స్ విండోలో చివరిగా ఎప్పుడు నడిచిందో తేదీ చూడండి. వారం పది రోజుల క్రితం తేదీ ఉంటే మీ పని ఇప్పటికే జరుగుతోంది. "నెవర్ రన్" అని ఉంటే, లేదా నెలల కిందటి తేదీ ఉంటే, "చేంజ్ సెట్టింగ్స్" నొక్కి షెడ్యూల్ ఆన్ చేయండి, ఒకసారి మీరే ఆప్టిమైజ్ నొక్కండి. పని అవగానే కంప్యూటర్ ఆఫ్ చేసేసే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ షెడ్యూల్‌కి అసలు సమయమే దొరకదు. అలాంటివాళ్లు నెలకోసారి చేత్తో నడిపితే చాలు. ఎక్కువ ఇళ్లకి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు, కొనాల్సినదీ లేదు.

బయటి సాఫ్ట్‌వేర్ ఎవరికి కావాలి

ఎన్‌టీ 4.0లో డీఫ్రాగ్ లేకపోయినా, ఫైల్ వాడుకలో ఉండగానే దాని క్లస్టర్లని సురక్షితంగా వేరేచోటికి జరిపే ఏర్పాటు ఆ సిస్టమ్‌లోనే పెట్టారు. నమ్మదగిన డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఇవాళ్టికీ ఆ ఏర్పాటుని పిలిచే పని చేస్తాయి. ముందు కొత్త చోట కాపీ చేసి, ఆ తర్వాతే ఫైల్ చిరునామా మారుస్తుంది కాబట్టి మధ్యలో ఆపినా ఫైల్ సాధారణంగా చెడదు. అంటే ఏ కంపెనీదైనా లోపల కదిలించే చెయ్యి విండోస్‌దే. తేడా అంతా ఏ ఫైల్‌ని, ఎక్కడికి, ఏ వరసలో జరపాలని నిర్ణయించడంలోనూ, మీకు చూపించే తీరులోనూ ఉంటుంది. "మా ఇంజిన్ పది రెట్లు శక్తిమంతం" లాంటి మాటలకి విలువ ఇవ్వకండి.

బయటిది పెట్టుకోవడానికి నాకు న్యాయంగా అనిపించే కారణాలు కొన్నే. మొత్తం డ్రైవ్ కాకుండా ఒక్క ఫైల్‌నో, ఫోల్డర్‌నో సర్దాలనుకోవడం ఒకటి. మెయిల్ ఫైల్, వర్చువల్ మెషీన్ డిస్క్, అకౌంట్స్ డేటాబేస్ లాంటివాటికి ఇది నిజంగా పనికొస్తుంది. ఏ ఫైల్ ఎన్ని ముక్కలైందో జాబితా చూడాలనుకోవడం ఇంకొకటి, ఎందుకంటే విండోస్ విండో శాతం తప్ప ఏమీ చెప్పదు. విండోస్ నడుస్తుండగా కదలని పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) లాంటివాటిని బూట్ సమయంలో, అంటే విండోస్ పూర్తిగా మొదలవకముందే, సర్దించుకోవడం మూడోది.

ఒక్క ఫైల్ సర్దడమే కావాలంటే కాంటిగ్ వాడండి. మార్క్ రుస్సినోవిచ్ రాసిన, సిస్‌ఇంటర్నల్స్ అనే చిన్న టూల్స్ సేకరణలోని టూల్ అది, మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ అంటే భయం లేనివాళ్లకి ఇంతకన్నా శుభ్రమైనది లేదు. ఫైళ్ల జాబితా, డిస్క్ మ్యాప్ కావాలంటే పిరిఫార్మ్ కంపెనీ డీఫ్రాగ్లర్ చాలా తేలిక. ఏ రంగు గడి మీద నొక్కితే అక్కడున్న ఫైళ్లు చూపిస్తుంది, వాటిలో కావలసినవే టిక్ చేసుకోవచ్చు. అయితే దానికి 2018 తర్వాత కొత్త వెర్షన్లు రాలేదన్నది దృష్టిలో పెట్టుకోండి. ఒకప్పుడు బాగా పేరున్న మైడీఫ్రాగ్ అభివృద్ధి అంతకు చాలా ముందే ఆగిపోయింది. అల్ట్రాడీఫ్రాగ్ ఏడో వెర్షన్ వరకు ఓపెన్ సోర్స్‌గా ఉండేది, బూట్ సమయంలో సర్దే సౌకర్యం అందులో ఉంది. డబ్బు పెట్టి కొనేవాటిలో జర్మనీకి చెందిన ఓ అండ్ ఓ డీఫ్రాగ్ చాలా ఏళ్లుగా నిలబడింది. ఇంటి కంప్యూటర్‌కి కొనాల్సినంత అవసరం మాత్రం నాకు కనిపించదు. ఆ ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెడితే వచ్చే లాభం ఎన్నో రెట్లు.

డౌన్‌లోడ్ చేసే ముందు ఇవి చూసుకోండి

2010 చివర్లో సిస్టమ్ డీఫ్రాగ్మెంటర్, హెచ్‌డీడీ డీఫ్రాగ్మెంటర్ లాంటి పేర్లతో దొంగ ప్రోగ్రాములు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వీటికి ఫేక్‌సిస్‌డెఫ్ అని పేరు పెట్టింది. హార్డ్ డిస్క్ పాడైపోతోందని వరసగా హెచ్చరికలు చూపించి, కొన్ని రకాలైతే మీ ఫైళ్లని దాచిపెట్టి కూడా, బాగు చేయాలంటే డబ్బు కట్టమనేవి. డీఫ్రాగ్ మాటకి భయపడే మనిషి సులువుగా దొరుకుతాడని వాళ్లు పసిగట్టారు. ఆ ఎత్తుగడ ఇప్పటికీ చిన్న చిన్న రూపాల్లో కనిపిస్తుంది, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

- తయారీదారు సొంత సైట్ నుంచి మాత్రమే తీసుకోండి. డౌన్‌లోడ్ సైట్లలో పెద్దగా మెరిసే బటన్ చాలాసార్లు ప్రకటనే.
- ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "కస్టమ్" ఎంచుకుని ప్రతి పేజీ చదవండి. రిజిస్ట్రీ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్, బ్రౌజర్ టూల్‌బార్ పక్కన అంటించి ఉంటే టిక్ తీసేయండి. తీసే వీలు లేకపోతే ఇన్‌స్టాలేషనే ఆపేయండి.
- స్కాన్ ఉచితంగా చేసి, "1,247 సమస్యలు" అని చూపి, సరిచేయడానికి డబ్బడిగేదాన్ని అక్కడే తీసేయండి.
- ఎస్‌ఎస్‌డీని తానే గుర్తించి, దానికి డీఫ్రాగ్ చేయకుండా ఉంటుందా? ఈ ఒక్కటి లేకపోతే మిగతా ఎన్ని ఉన్నా వద్దు.
- మీ విండోస్ వెర్షన్ పేరు దాని పేజీలో స్పష్టంగా రాసి ఉండాలి.

పోర్టబుల్ వెర్షన్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేది) దొరికితే దానికే నా ఓటు. పని అయ్యాక ఫోల్డర్ తీసేస్తే కంప్యూటర్లో ఏమీ మిగలదు. ఇన్‌స్టాల్ చేసే రకమైతే దాని షెడ్యూల్ గానీ, విండోస్ షెడ్యూల్ గానీ ఒకటే ఆన్‌లో ఉంచండి. రెండూ తమ తమ పద్ధతిలో సర్దుకుంటూ పోతే, ఒకటి పెట్టినదాన్ని ఇంకొకటి కదిలిస్తూ డిస్క్‌కి ఊరికే పని పెడతాయి.

నడిపేటప్పుడు

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టండి, స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చండి, మిగతా ప్రోగ్రాములు మూసేయండి. బాగా చెదిరిన 1 టెరాబైట్ డిస్క్‌కి కొన్ని గంటలు పట్టడం మామూలే, కాబట్టి రాత్రి పడుకునే ముందు పెట్టడం సుఖం. రకరకాల మోడ్‌లు కనిపిస్తే మామూలు డీఫ్రాగ్ చాలు. ఫైళ్లన్నిటినీ పేరు వరసలోనో, తేదీ వరసలోనో అమర్చే మోడ్‌లకి చాలా సమయం పడుతుంది, కొద్ది రోజుల వాడకంలోనే ఆ వరస చెదిరిపోతుంది.

కొన్ని పెద్ద హార్డ్ డిస్క్‌లు, ముఖ్యంగా బ్యాకప్‌కి వాడే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలో చాలా, ఎస్‌ఎంఆర్ రకానివి. వాటిలో ట్రాకులు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా ఉంటాయి. ఒకచోట మార్చాలంటే పక్కవి కూడా తిరిగి రాయాలి. వాటి మీద పూర్తి డీఫ్రాగ్ పెడితే రోజంతా సాగినా ఆశ్చర్యం లేదు. బ్యాకప్ డిస్క్‌లో ఫైళ్లు చేర్చడమే తప్ప తీసేయడం తక్కువ కాబట్టి, దాన్ని వదిలేయడమే మంచిది.

సిస్టమ్ రీస్టోర్ (విండోస్‌ని పాత స్థితికి తిప్పే సౌకర్యం) ఆన్‌లో ఉన్న డ్రైవ్ మీద భారీగా ఫైళ్లు జరిపితే పాత రీస్టోర్ పాయింట్లు కొన్ని పోయే అవకాశం ఉంది. ముందే బ్యాకప్ తీసుకోమన్నది ఇందుకు కూడా.

మార్పు వచ్చిందో లేదో చూసుకోవడం

సాఫ్ట్‌వేర్ చివర్లో చూపించే ఆకుపచ్చ మ్యాప్‌ని కొలతగా తీసుకోకండి. మొదలుపెట్టే ముందే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రెండు సమయాలు రాసుకోండి: పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ తెరుచుకునే వరకు ఎంత, మీరు రోజూ వాడే పెద్ద ఫైల్ తెరుచుకోవడానికి ఎంత. డీఫ్రాగ్ తర్వాత రీస్టార్ట్ చేసి అవే మళ్లీ కొలవండి. రీస్టార్ట్ తప్పనిసరి, లేకపోతే ర్యామ్‌లో మిగిలిన కాపీ నుంచి ఫైల్ చటుక్కున తెరుచుకుని లెక్క తప్పుతుంది.

తేడా స్పష్టంగా కనిపిస్తే నెలకోసారి అదే పద్ధతి కొనసాగించండి. కనిపించకపోతే ఇంకో సాఫ్ట్‌వేర్ మార్చి చూడటంలో అర్థం లేదు, కదిలించే ఏర్పాటు అన్నిటికీ ఒకటే కదా. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఫ్రాగ్మెంటేషన్ తగ్గాక కూడా డిస్క్ వాడకం తరచూ 100 శాతం దగ్గర నిలబడుతుంటే, అది ముక్కల సమస్య కాదు, వేర్వేరు ప్రోగ్రాములు ఒకేసారి వేర్వేరు ఫైళ్లు అడుగుతున్నాయి. హార్డ్ డిస్క్ అలాంటి చిన్న చిన్న కోరికల్ని సెకనుకి వంద చొప్పున తీర్చగలదు, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పదివేలల్లో తీరుస్తుంది. సి డ్రైవ్‌ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చి, పాత హార్డ్ డిస్క్‌ని సినిమాలకీ ఫొటోలకీ ఉంచుకోండి.

మ్యాక్, లైనక్స్ వాడేవాళ్లకి ఈ వెతుకులాట దాదాపు ఉండదు. ఇప్పటి మ్యాక్‌లలో ఉండేది ఎస్‌ఎస్‌డీయే. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మొదటి నుంచే ఫైళ్లని వీలైనంత ఒకేచోట పెట్టేలా తయారైంది. హార్డ్ డిస్క్ బాగా నిండిపోయి అనుమానం వస్తే ఈ4డీఫ్రాగ్ అనే టూల్ ఉంది. దాన్ని ముందు పరీక్ష మోడ్‌లో నడిపితే డీఫ్రాగ్ అవసరమో లేదో అదే చెబుతుంది.